పీసీఓఎస్‌కు శాకాహారం సరిపోతుందా? ముందు కంచంలో పప్పు పెరగాలి

ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఇరవై మూడేళ్ల అమ్మాయి ఒకరు ఇలా అడిగారు: "నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి. స్కానింగ్ తీసి అండాశయాల నిండా నీటి బుడగలు ఉన్నాయన్నారు, పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అని రాశారు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 68 కిలోలు. ఇన్సులిన్ బాగా పని చేయడానికని మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు గానీ కడుపులో తిప్పుతోందని మానేశాను. వీడియోలు చూసి పాలు, పెరుగు, గుడ్డు, అన్నం అన్నీ వదిలేశాను. పొద్దున, రాత్రి చోడి (రాగి) జావ, మధ్యాహ్నం పళ్లు. బరువు కాస్త తగ్గింది కానీ కళ్లు తిరుగుతున్నాయి, జుట్టు దువ్వెన నిండా వస్తోంది. పెళ్లయితే అదే సర్దుకుంటుందని అమ్మ అంటోంది. మందులు లేకుండా, పూర్తి శాకాహారంతోనే దీన్ని అదుపులో పెట్టుకోగలనా?"

అమ్మా, మొక్కల నుంచి వచ్చే తిండితో పీసీఓఎస్‌ను బాగా అదుపులో పెట్టుకోవచ్చు. అలా పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అయితే మీరు ఇప్పుడు తింటున్న తిండితో అది జరగదు. మందుల సంగతి మీ డాక్టరు గారితో మాట్లాడి తేల్చుకోవలసినది, దాని గురించి కింద రాస్తాను.

నేను రాయగడలో స్త్రీల వైద్యురాలి పక్క గదిలో కూర్చుని ఏళ్లుగా ఆహార సలహాలు ఇస్తున్నాను. పర్లాకిమిడి నుంచి, గుణుపూర్ నుంచి, కోరాపుట్ వైపు నుంచి మన తెలుగు కుటుంబాల ఆడపిల్లలు వస్తుంటారు. శాకాహారులను కూర్చోబెట్టి నిన్న ఏం తిన్నారో చెప్పమంటే, ఇంటింటికీ కంచం దాదాపు ఒకేలా ఉంటుంది. గుట్టగా అన్నం, దాని మీద పలచటి పప్పుచారు, బంగాళదుంప వేపుడు, చివర ఇంత పెరుగు. సాయంత్రం టీ, మరమరాలు. అంతా శాకాహారమే, కానీ అందులో పప్పు బద్ద వెతికితే గానీ దొరకదు. మీరు ఆ కంచం లోంచి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు, బదులుగా ఏదీ చేర్చలేదు. మీ కళ్లు తిరగడానికీ జుట్టు ఊడడానికీ మొదట అనుమానించవలసింది దాన్నే.

లెక్క వేసి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు, కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ బరువుకు అది 56 గ్రాములు. వంద గ్రాముల చోడి పిండిలో ఉండేది 7 గ్రాములే. రెండు పూటల జావకు కలిపి వంద గ్రాముల పిండి పడుతుందనుకున్నా, పళ్లలోంచి మరో రెండు మూడు గ్రాములు వస్తాయనుకున్నా, రోజుకు మీకు అందేది 10 గ్రాములు. ఇలా కొన్ని వారాలు గడిస్తే శరీరం జుట్టును పక్కన పెట్టి, ఉన్న సరుకును ముఖ్యమైన అవయవాలకు సర్దుకుంటుంది. బరువు ఒక్కసారిగా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం మామూలే. తిండి సరిపడా పడితే అది తిరిగి వస్తుంది, భయపడకండి. తగ్గిన బరువులో కండ కూడా ఉంటుంది. కండ తగ్గితే ఈ జబ్బుకు మేలు జరగదు, కీడే జరుగుతుంది. తిన్న చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరాలే కదా.

ఇక్కడ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ నీటి బుడగలు కరిగించవలసిన గడ్డలు కావు. నెలనెలా పక్వమై విడుదల కావలసిన అండాలు సగం పెరిగి ఆగిపోయి, వాటి సంచులే అక్కడ పేరుకుంటాయి. చాలామందిలో దీని వెనుక ఇన్సులిన్ ఉంటుంది, అంటే రక్తంలోని చక్కెరను ఒంట్లోకి పంపే హార్మోన్. శరీరం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. పైగా రక్తంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తయారు చేస్తుంది, ఈ ఇన్సులిన్ దాన్ని కూడా తగ్గిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, ఆలస్యమయ్యే నెలసరి, ఇవన్నీ అక్కడి నుంచి వచ్చేవే. మెడ వెనుక నల్లటి మందపాటి చార కూడా దీని గుర్తే. అది మురికి అనుకుని శనగపిండితో, పీచుతో తోమి తోమి చర్మం ఎర్రగా కమిలించుకుని వచ్చే పిల్లలను చూస్తుంటాను. ఎంత తోమినా పోదు. ఇన్సులిన్ తగ్గితే మెల్లగా పలచబడుతుంది. మీకు అలాంటి చార ఉంటే దయచేసి దాన్ని తోమకండి.

కాబట్టి మన తిండి చేయవలసిన పని, భోజనం తరువాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగరకుండా చూడడం, కడుపు నిండుగా ఉంచడం, కండను కాపాడడం. పీసీఓఎస్‌పై 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఫలానా ఆహారమే మిగతా వాటన్నిటి కంటే మేలని చెప్పలేదు. మనిషికి ఇష్టమై, ఇంట్లో సాగి, చాలా కాలం నిలిచే ఆరోగ్యకరమైన తిండి ఏదైనా మంచిదేనని చెప్పాయి. మీకు మొక్కల తిండే ఇష్టమైతే దాన్నే గట్టిగా కట్టుకుందాం.

పప్పుతో మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు చూపించింది. పాలు కూడా మానేసిన మీకు వంద గ్రాములు పెట్టుకోమంటాను. అంటే పచ్చి పప్పు కొలిచి రెండు గుప్పిళ్లకు పైనే. మన పప్పుచారు గరిటెడు తీసి చూడండి, అందులో పచ్చి పప్పు ఇరవై గ్రాములుంటే గొప్ప. మీరు వండే పప్పులో గరిటె పెట్టి కలిపితే అడుగున తేలికగా తిరగకూడదు, అంత ముద్దగా ఉండాలి. రెండు పూటలా అలాంటి పప్పు కప్పు నిండా తినాలి. అన్నంలో కలుపుకునేది కాస్త, విడిగా గిన్నెలో వేసుకుని తినేది ఎక్కువ.

మనం ఉన్న చోటు దీనికి ఎంతో అనుకూలం. రాయగడ, కోరాపుట్ సంతలకు కొండల మీంచి ఆదివాసీ స్త్రీలు తెచ్చే కందులు, ఉలవలు, అలసందలు, అనుములు ఉండగా పొడి డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ కోసం డబ్బు తగలేయనక్కరలేదు. కందులు సంక్రాంతి దాటాక కొత్తవి వస్తాయి. పొట్టుతో ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. ఉలవల విషయంలో మాత్రం మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. ఉలవలు ఉడికించి, ఆ నీళ్లతో చారు కాచుకుని, గింజలు పశువులకు వేస్తారు. మాంసకృత్తులు, పీచు దాదాపు అన్నీ ఆ గింజల్లోనే ఉంటాయి. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి, కందిపప్పుతో సమానం. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలక రానిచ్చి, కుక్కరులో మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి తినండి. చారు కాచుకోండి, గింజలూ తినండి.

ఒడియా ఇళ్ల దాల్మా కూడా మీకు బాగా పనికొస్తుంది. కందిపప్పు లేదా పెసరపప్పులో బొప్పాయి కాయ, గుమ్మడి, మునక్కాడ, వంకాయ, అరటికాయ ముక్కలు వేసి ఉడికించి, దించే ముందు వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. చిక్కగా వండుకుంటే పప్పు, కూర రెండూ ఒకే గిన్నెలో అమరుతాయి. పక్కన ఒక కప్పు అన్నం చాలు. నేను ఎక్కువమందికి రాసి ఇచ్చే మధ్యాహ్న భోజనం ఇదే.

ఒక్కసారిగా ఇంత పప్పు తింటే కడుపు ఉబ్బుతుంది. అందుకే మొదటి వారం కొద్దిగా, తరువాత మరికొంత పెంచండి. నానబెట్టిన నీళ్లు పారబోయండి, ఇంగువ, వాము వేయండి. రెండు మూడు వారాల్లో కడుపు అలవాటు పడుతుంది.

మీల్‌మేకర్ (సోయా ముక్కలు) తింటే ఆడ హార్మోన్లు చెడిపోతాయన్న మాట వినే ఉంటారు. మామూలుగా వంటలో వేసుకునే మోతాదుకు అలాంటి భయం అక్కరలేదు. ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. వారంలో మూడు నాలుగు రోజులు వండుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి, మాత్ర సరిగా ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడుతుంది.

చోడి జావ దగ్గరికి వద్దాం. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు మొదట ఎంచుకున్న జిల్లాల్లో మన రాయగడ, గజపతి, కోరాపుట్ ఉన్నాయి. చోళ్లకు, సామలకు మళ్లీ విలువ వచ్చింది, అది నాకు నిజంగా సంతోషం. చోళ్లలో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు మానేసిన మీకు అది పెద్ద ఆసరా. అయితే మెత్తగా పట్టించి, పలచగా కాచి, గ్లాసులో పోసుకుని గటగట తాగిన జావ త్వరగానే చక్కెరగా మారుతుంది. అందులో బెల్లం వేస్తే చెప్పనే అక్కరలేదు. మాండియా (చోళ్లకు ఒడియా పేరు) కాబట్టి ఎంత తాగినా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. పిండిని కాస్త బరకగా పట్టించండి. రొట్టెగానో సంకటిగానో చేసుకుని, ముద్దపప్పుతోనో ఆకుకూర పప్పుతోనో నమిలి తినండి. జావే కావాలంటే దాంతోపాటు గుప్పెడు వేయించిన వేరుశనగలో, ఉడికించిన శనగలో తప్పనిసరి. రెండు పూటలా అదే వద్దు. ఒక పూట చోళ్లు, ఇంకో పూట సామల అన్నం గానీ మామూలు అన్నం గానీ తినవచ్చు.

అన్నం మీద మీరు కక్ష కట్టనక్కరలేదు. వండిన అన్నం ఒక కప్పు కొలిచి పెట్టుకోండి. ముందు కూర, పప్పు సగం తినండి, తరువాత అన్నంలోకి రండి. ఈ వరసలో తింటే భోజనం తరువాత చక్కెర తక్కువగా పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా తగ్గుతుంది. వేసవిలో చద్దన్నం మానలేమంటారు కదా, తినండి, కానీ ఉల్లిపాయ, పచ్చిమిర్చి మాత్రమే కాకుండా పక్కన మొలకెత్తిన పెసలో, వేయించిన పప్పుల పొడో ఉండాలి.

పళ్లను భోజనం బదులు తినకండి. జామకాయ, బత్తాయి, నేరేడు, బొప్పాయి, రోజుకు ఒకటి రెండు చాలు. రసం తీయవద్దు. సాయంత్రం మరమరాలు మానలేకపోతే, బరంపురం వైపు చేసినట్టు బఠాణీ ఘుగుని (ఉడికించిన బఠాణీల కూర) ఒక కప్పు తీసుకుని, దాని మీద ఒక గుప్పెడు మరమరాలు చల్లుకోండి. అలవాటుగా తినే కొలతలను తిరగేస్తే చాలు. బజ్జీలు, బొరాలు, ఉప్మాపూరి గురించి వేరే చెప్పాలా?

టీ అన్నంతోపాటు తాగవద్దు, గంట ఎడం ఉంచండి. ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు. తోటకూర, మునగాకు వండినప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రోజూ ఒక చెంచా అవిసె గింజలో, నువ్వులో, మన వైపు దొరికే వలిసెలో దోరగా వేయించి పొడి కొట్టి కూరల మీద చల్లుకోండి. పుదీనా టీ తాగమని వీడియోల్లో చెబుతారు. చిన్న చిన్న పరీక్షల్లో మగ హార్మోన్ కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. తాగాలనిపిస్తే తాగండి, దాని మీద ఆశ పెట్టుకుని మిగతావి వదలకండి.

ఈ ఉత్తరంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇప్పుడు వస్తోంది. విటమిన్ బి12 మొక్కల తిండిలో నమ్మదగినంతగా దొరకదు. పాలు, పెరుగు తీసుకునే శాకాహారులకు కొంత అందుతుంది. మీరు అవి కూడా మానేశారు. చద్దన్నంలో ఉంటుంది, స్పైరులినాలో ఉంటుంది అని చెప్పేవాళ్ల మాట పట్టుకోకండి. పైగా మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే అది కూడా బి12ను తగ్గిస్తుంది. రెండూ కలిస్తే దెబ్బ రెట్టింపు. కాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, విపరీతమైన నీరసం, మతిమరుపు దీని లక్షణాలు. ఆకుకూరలు బాగా తినేవాళ్లలో ఇంకో చిక్కు ఉంది. వాటిలోని ఫోలేట్ వల్ల రక్తం బాగానే ఉన్నట్టు కనబడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందువల్ల బి12 పరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర వాడండి. పూర్తి శాకాహారంలో ఉన్నన్నాళ్లు ఆ మాత్ర ఉండాలి. రోజుకో కప్పు పెరుగు మళ్లీ మొదలుపెట్టినా నేను సంతోషిస్తాను. పెరుగు మానితే పీసీఓఎస్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు. మనసు ఒప్పకపోతే వద్దు, మాత్ర మాత్రం వదలవద్దు.

మెట్‌ఫార్మిన్ సంగతి. కడుపులో తిప్పడం, విరేచనాలు మొదట్లో చాలామందికి వస్తాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనం మధ్యలోనో చివరనో వేసుకుంటే తగ్గుతుంది. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కూడా ఉన్నాయి. మీరంతట మీరు మానేసినట్టే మీరంతట మీరు మొదలుపెట్టకండి. వెళ్లి, "ఇలా అయింది, అందుకే మానేశాను" అని డాక్టరు గారికి చెప్పండి. వాళ్లు కోప్పడరు, వేరే రకం రాస్తారు, లేదా ప్రస్తుతానికి అవసరం లేదంటారు. ఆ నిర్ణయం వాళ్లది.

నెలసరి విషయంలో ఒక హద్దు పెట్టుకోండి. మూడు నెలలు దాటినా రాకపోతే, ఎంత మంచి తిండి తింటున్నా సరే, ఆగకుండా వైద్యురాలి దగ్గరికి వెళ్లాలి. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ తయారు కాదు, గర్భాశయం లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది. అలా ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ పొరలో చెడు మార్పులు, కొందరిలో క్యాన్సర్ కూడా రావచ్చు. కొద్ది రోజుల మాత్రలతో ఆ పొరను రాలగొట్టేలా చేస్తారు. దీన్ని పథ్యంతో గెలవాలని పట్టుబట్టకూడదు. ఆలస్యమై వచ్చినప్పుడు రక్తస్రావం ఎక్కువై, రక్తహీనతతో పసుపుపచ్చగా పాలిపోయి వచ్చిన పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఎంత సులువుగా తేలిపోయేదో.

వెళ్లినప్పుడు ఈ పరీక్షల గురించి అడగండి: థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), హిమోగ్లోబిన్, బి12, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర), కొలెస్ట్రాల్. థైరాయిడ్ లోపం ఉన్నా, ప్రొలాక్టిన్ పెరిగినా నెలసరి ఇలాగే తప్పుతుంది, అందుకే అవి ముందు. చక్కెరకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత చూసే పరీక్ష మిగతా వాటికంటే నమ్మదగినది, వీలైతే అదే చేయించుకోండి. స్కానింగ్ ఒక్కదాని మీదే ఈ జబ్బును తేల్చరు. నెలసరి తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కానింగ్, ఈ మూడింటిలో రెండు ఉండాలి. మీ మాటలను బట్టి మీకు మూడూ ఉన్నట్టున్నాయి.

బరువు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి మెరుగయ్యే అవకాశం బాగా ఉంటుంది. మీకు అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. దీన్ని ఆరు నెలలకు పరుచుకోండి. సన్నగా ఉండి పీసీఓఎస్ ఉన్నవాళ్లూ చాలామంది ఉన్నారు, వాళ్లకు బరువు తగ్గమని చెప్పడం అన్యాయం. వారానికి 150 నిమిషాలైనా చురుకుగా నడవాలి, వంశధార ఒడ్డునైనా సరే, మేడ మీదైనా సరే. దానికి తోడు వారంలో రెండు రోజులు కండకు పని చెప్పాలి. గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, నీళ్ల బిందె మోయడం చాలు. గడ్డం కింద వెంట్రుకలు తగ్గడానికి ఆరు నెలలకు పైనే పడుతుంది, వెంట్రుక పెరిగే చక్రమే అంత పొడుగు. అప్పటిదాకా దారంతో తీయించుకోవడంలో తప్పు లేదు, దాని వల్ల అవి ఎక్కువ మొలవవు.

మీ అమ్మగారి మాట ప్రేమతో అన్నదే. కానీ పెళ్లికి ఈ జబ్బును నయం చేసే శక్తి లేదు. పిల్లలు పుట్టరన్న భయం వెనుక ఉంటే ఆవిడకు ఈ మాట చెప్పండి: అండం విడుదల కావడానికి మంచి మందులు ఉన్నాయి, పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. వీలైతే ఆవిడను కూడా మీతో తీసుకెళ్లండి. వంటిల్లు ఆవిడ చేతిలో ఉన్నప్పుడు పప్పు చిక్కబడాలన్నా, కొలతలు మారాలన్నా ఆవిడకు కారణం తెలియాలి. మనసు బరువెక్కి, ఏడుపు ఆగక, నిద్ర పట్టక ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బున్న వాళ్లలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనబడతాయి, వాటికీ చికిత్స ఉంది.

రేపటి నుంచి ఏం తినాలో చెప్పమంటే ఇలా మొదలుపెట్టండి. పొద్దున రెండు పెసరట్లు, అల్లం చట్నీ. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పెద్ద గిన్నెడు చిక్కటి దాల్మా, ఏదైనా ఆకుకూర. సాయంత్రం మొలకెత్తిన ఉలవలు, ముప్పై గ్రాముల వేరుశనగలు. రాత్రి రెండు చోడి రొట్టెలు, మీల్‌మేకర్ కూర. ఇందులో మీ 56 గ్రాములు వచ్చేస్తాయి, ఆకలితో పడుకునే అవసరం కూడా ఉండదు. పరీక్షల ఫలితాలు వచ్చాక బి12, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ అంకెలు నాకు రాయండి. ఆ అంకెలను బట్టి ఇందులో ఏమేం మార్చాలో అప్పుడు చెబుతాను.